నాలుగు గంటల దూరం

విశాఖపట్నం విమానాశ్రయంలో మా మేనల్లుణ్ణి సింగపూరుకు సాగనంపి, మరునాటి ఉదయం ఆపాను వెంటబెట్టుకుని అరకు రైలెక్కాము. కొడుకు వెళ్ళినది మొదలు ఆమె కన్ను తడి ఆరలేదు. "ఎంత దూరం పోయాడో" అన్న మాటే మాటిమాటికీ. కొండగాలి తగిలితే కొంత తేరుకుంటుందని మా ఆశ.

విశాఖ నుండి సింగపూరుకు ఆకాశమార్గాన సుమారు 2,900 కిలోమీటర్లు. విమానం దాదాపు నాలుగు గంటల్లో దింపుతుంది. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. మేము రైలులో కూర్చునే సరికే, గదికి చేరానని అబ్బాయి నుండి సందేశం వచ్చింది.

మా రైలుకూ పట్టేది దాదాపు నాలుగు గంటలే. కాని దాటేది 130 కిలోమీటర్లకు మించదు. కారణం కిటికీలోనే కనబడుతుంది. కొత్తవలస దాటాక మైదానం ముగిసి తూర్పు కనుమలు మొదలవుతాయి. సముద్రమట్టానికి చేరువలో బయలుదేరిన బండి శిమిళిగూడ వద్దకు వచ్చేసరికి వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తుకు ఎక్కుతుంది. సొరంగం వెనుక సొరంగం, లోయ వెనుక లోయ. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపానుకు పంపడానికి 1960వ దశకంలో ఈ కొండలను తొలిచి దారి వేశారు. ఎక్కడి జపాను, ఎక్కడి బస్తరు! వాటి మధ్య దూరాన్ని ఈ పట్టాలు తగ్గించాయి.

అరకులో సంతకు వెళ్ళాము. పసుపు కొమ్ములు, చింతపండు, కొండచీపుర్లు పరచుకుని కూర్చున్న ఒక గిరిజన వృద్ధురాలి వద్ద ఆపా పసుపు బేరమాడింది. మాటల్లో మీ ఊరు ఎంత దూరమని అడిగాము.

"ఒక పూట నడక" అన్నది ఆమె. కిలోమీటర్లు చెప్పలేదు.

కిందటి వానాకాలంలో కోడలికి నొప్పులు మొదలైతే, కర్రకు దుప్పటి కట్టి డోలీలో మోసుకుని కొండ దిగారట. గెడ్డ పొంగి ఉండడంతో నీళ్ళు తగ్గేదాకా ఇవతలి గట్టునే ఆగారట. రోడ్డు చేరేసరికి పొద్దు వాలింది. తల్లి బ్రతికింది, బిడ్డ దక్కలేదు. ఆ మాట చెప్పి ఆమె పసుపు తూచి మూట కట్టింది.

పూట అంటే మన లెక్కలో ఇంచుమించు అవే నాలుగు గంటలు. ఆ వ్యవధిలో ఒకరు సముద్రం దాటుతారు, ఒకరు కనుమలు ఎక్కుతారు, ఒకరు రోడ్డు వరకు వస్తారు. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి, జిల్లా కార్యాలయాలు ఈ కొండల నడుమకే వచ్చాయి. అయినా పటంలో దగ్గరైన ఊరు, దారి లేనంత కాలం దూరంగానే ఉంటుంది.

ఆపా బేరం మానివేసి, ఆమె అడిగినంతా ఇచ్చింది. తిరుగు రైలులో చాలాసేపు మౌనంగా కూర్చున్నది. బొర్రా దాటాక నెమ్మదిగా అన్నది:

"మన వాడికి జ్వరం వస్తే, అక్కడ ఆసుపత్రి దగ్గరే కదా?"

దగ్గరే అన్నాము. ఆమె తల ఊపి, పసుపు మూటను ఒడిలోకి తీసుకున్నది. ఆ తరువాత ఎంత దూరం పోయాడో అని ఆమె అనలేదు.