యాభై లక్షల గుమ్మం

ఆ నెలాఖరున సికింద్రాబాద్ రైల్‌నిలయం నుంచి బయటికొస్తుంటే ఆయన మెడలో బంతిపూల దండ. భుజాన శాలువా, చేతిలో స్వీట్ల డబ్బా. 36 ఏళ్ల సర్వీసు ముగిసింది. గ్రాట్యుటీ, పీఎఫ్, కమ్యుటేషన్, సెలవుల డబ్బు... అన్నీ కలిపి బ్యాంకు ఖాతాలో పడ్డాయి. పాస్‌బుక్కు చూసుకుంటే 60 లక్షలు! సీతాఫల్‌మండిలోని ఆ ఇంట్లో అంత పెద్ద అంకె ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

వారం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. ‘సార్, మీలాంటి హెచ్ఎన్ఐల కోసమే ఈ స్కీమ్. మామూలు వాళ్లకు ఇవ్వం’ అన్నాడు అవతలి కుర్రాడు.

‘హెచ్ఎన్ఐ అంటే ఏంట్రా?’ కొడుకుని అడిగారాయన.

‘బాగా డబ్బున్నవాళ్లు నాన్నా!’

మోండా మార్కెట్లో కిలో టమాటాల దగ్గర ఐదు రూపాయలకు బేరమాడే మనిషికి నవ్వాగలేదు.

నిజానికి ఆ కుర్రాడు నిబంధనల ప్రకారమే మాట్లాడాడు. వాళ్లు అమ్ముతున్నది పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంట్ సర్వీసు. క్లుప్తంగా పీఎంఎస్. మన డబ్బు తీసుకుని మన పేరు మీదే షేర్లు కొంటూ, అమ్ముతూ ఉంటారు. కలిసొస్తే మంచి లాభం, లేదంటే గట్టి దెబ్బ. అందుకే సామాన్యులు తేలిగ్గా ఇటు రాకుండా సెబీ ఓ గుమ్మం కట్టింది. ఒకప్పుడు 5 లక్షలుంటే చాలు. 2012లో దాన్ని 25 లక్షలు, 2020లో 50 లక్షలు చేసింది. ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్లలోకైతే కోటి రూపాయలు ఉండాలి. ఈ రెండింటికీ మ్యూచువల్ ఫండ్లకూ మధ్య మెట్టుగా 2025 ఏప్రిల్లో వచ్చిన స్పెషలైజ్డ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్లకు కనీసం 10 లక్షలు.

అసలీ గుమ్మం అవసరమా? ఆ రాత్రి భోజనాల దగ్గర అదే చర్చ.

‘నా డబ్బు, నా ఇష్టం. వద్దనడానికి వాళ్లెవరు? ఉన్నవాడు ఇంకా సంపాదించుకోవాలి, లేనివాడు ఎఫ్‌డీలతో సరిపెట్టుకోవాలా?’ అన్నది కొడుకు వాదన. మాదాపూర్లో ఉద్యోగం, 27 ఏళ్ల వయసు.

తండ్రికి 2001 గుర్తొచ్చింది. పది రూపాయల యూనిట్లతో 1964లో మొదలైన యూఎస్-64 అంటే ఆ రోజుల్లో ఉద్యోగులకు బ్యాంకంత నమ్మకం. ఇంటి స్థలం కోసం ఆయనా అందులోనే దాచుకున్నారు. 2001 జులైలో యూటీఐ ఉన్నట్టుండి ఆరు నెలల పాటు యూనిట్లు అమ్మడం, వెనక్కి తీసుకోవడం ఆపేసింది. అప్పటిదాకా 14 రూపాయలకు పైనే ఇచ్చి తీసుకున్న యూనిట్‌కు ఆ ఏడాది చివర అసలు విలువ లెక్కగడితే ఆరు రూపాయల దరిదాపుల్లో తేలింది. బడా కంపెనీలు ముందే వేల కోట్లు వెనక్కి తీసేసుకున్నాయి. చిన్న మదుపర్లకు మాత్రం మొదట్లో 3,000 యూనిట్ల వరకే ప్రత్యేక ధర కట్టి ఇచ్చారు.

‘దానికి గుమ్మమే లేదురా. అందులో అంత డబ్బు షేర్లలో ఉందని కూడా మాకు తెలీదు’ అన్నారాయన. ‘సరే, మీ ఆఫీసులో కుర్రాళ్లు సెల్‌ఫోన్లో ఆడే ఆప్షన్ల సంగతేంటి?’

కొడుకు మాట్లాడలేదు. 2024 సెప్టెంబర్లో సెబీయే ఆ లెక్క బయటపెట్టింది. మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన కోటిమందికి పైగా మామూలు మనుషుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. అంతా కలిపి పోగొట్టుకున్నది 1.8 లక్షల కోట్లు. ఆ తర్వాతే సెబీ ఒక్కో ఇండెక్స్ కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచింది. కాబట్టి అడ్డు ఉండాలన్న తండ్రి మాటలో నిజముంది.

కానీ చిక్కంతా ఆ అడ్డు కట్టిన తీరులో ఉంది. అది కొలిచేది పర్సు బరువునే. వయసును కాదు, అవగాహనను అసలే కాదు. నెలకు 20 వేలు మిగుల్చుకునే కొడుకు లోపలికి వెళ్లలేడు. నష్టమొస్తే తట్టుకోగలిగింది అతనే... ముందు ఇంకా ముప్ఫై ఏళ్ల జీతముంది. తండ్రికేమో తలుపులు బార్లా తెరుచుకున్నాయి. అదీ జీతం ఆగిపోయిన రోజునే! ఆయన శ్రీమంతుడేమీ కాలేదు. 36 ఏళ్ల కష్టం ఒక్కసారిగా ఒక్కచోట కుప్పపడింది, అంతే. రైల్వే, మిలిటరీ ఉద్యోగుల ఊరైన సికింద్రాబాద్‌లో ఇలా రాత్రికి రాత్రే ‘ధనవంతులు’ అయ్యేవాళ్లకు కొదవలేదు.

ఇంకో సంగతి. ఐదు కోట్లున్నవారికి 50 లక్షలంటే పదో వంతు. 60 లక్షలున్నవారికి అది దాదాపు సర్వస్వం. అంటే కాపాడాలని పెట్టిన హద్దే, ఉన్నదంతా ఒక్కచోట పెట్టేలా చేస్తోంది!

అలాగని గుమ్మాన్ని పడగొట్టలేం. పడగొడితే అవే ఫోన్లు ఐదు లక్షలున్న ఇంటికీ వస్తాయి. కావాల్సింది మరో ప్రశ్న. ‘మీ దగ్గర ఎంతుంది?’ అని అడిగి ఊరుకోకుండా, ‘ఇది పోతే మీకేం మిగులుతుంది?’ అని కూడా అడగాలి. మొత్తం పొదుపులో ఇంత శాతానికి మించి తీసుకోకూడదని అమ్మేవారికే హద్దు పెట్టాలి. అప్పుడు కొడుకూ కాస్త పెట్టొచ్చు, తండ్రీ మొత్తం పోగొట్టుకోడు.

చివరికి ఆయన 30 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేశారు. కొడుకు పోరు పడలేక రెండు లక్షలు ఇండెక్స్ ఫండ్‌లో పెట్టారు. మిగతావి బ్యాంకులోనే.

ఫోన్ మళ్లీ మోగింది.

‘60లో 50 మీకిస్తే నాకు మిగిలేది పదే కదా బాబూ’ అన్నారాయన.

‘ఆలోచించుకోండి సార్, ఈ ఆఫర్ నెలాఖరు దాకానే.’

ఆయన నవ్వి ఫోన్ పెట్టేశారు. ఇప్పుడాయనకు నెలాఖరంటే పింఛను పడే రోజు.