తెప్ప నేర్పిన ఓర్పు

పూరీ సముద్రంలో యాత్రికుల చేయి పట్టుకొని స్నానం చేయించేవారిని నోలియాలు అంటారు. వీరి పూర్వులు ఆంధ్రతీరం నుండి వలస వెళ్లిన బెస్తవారు. ఒడిశాలో తరాలు గడిచినా వీరి ఇంటి మాట తెలుగే.

తాతల నాటి వీరి వాహనం తెప్ప. తేలిక దుంగలను తాళ్లతో బిగించి దానిని కడతారు. పైకి వచ్చిన నీరు దుంగల సందుల్లోంచి జారిపోతుంది. అందుకే తెప్ప మునగదు. ఒడ్డు చేరాక కట్లు విప్పి దుంగలను ఆరబెడతారు.

అయితే అలలు దాటడమే కష్టం. పెద్ద అలలు వరుసగా వచ్చి పోయాక సముద్రం కాస్త నెమ్మదిస్తుంది. ఆ అదను చూసి తెప్పను తోయాలి. దాని ముక్కు అలకు ఎదురుగా ఉండాలి. అడ్డం తిరిగితే బోల్తా పడుతుంది.

ఇప్పుడు మోటారు పడవలు వచ్చాయి, తెప్పలు తగ్గాయి. అయినా మనుమడు తొందరపడితే తాత ఒడ్డునే నిలబెడతాడు. “గంగమ్మ నెమ్మదిగా లేదురా, ఆగు” అంటాడు. ఆ పూట పొయ్యి వెలగకపోయినా వారు సముద్రంతో పంతానికి పోరు. తెడ్డు వేయడం కంటే ముందు అక్కడ పిల్లలు నేర్చేది ఆగడమే.