ముగ్గురిలో ఆడేది ఒక్కరే

పెన్సిల్వేనియాలో మా అక్క కూతురు చదివే కాలేజీ చిన్నది, ఊరు ఇంకా చిన్నది. ఆ కాలేజీ అమ్మాయిల సాకర్ జట్టులో గోల్‌కీపర్లు ముగ్గురు. మా పిల్ల మూడోది. అంటే మొదటి ఇద్దరికీ ఏమైనా అయితే తప్ప మ్యాచ్‌లో గ్లోవ్స్ తొడిగే అవకాశం రాదు. అయినా ఆగస్టులో రెండు పూటలా ప్రాక్టీసుకు వెళ్తోంది. ఎందుకో చూద్దామని, కోచ్‌ని అడిగి ఒక పొద్దున నేనూ వెళ్లాను.

జట్టంతా మైదానం మధ్యలో పరుగులు తీస్తుంటే, కీపర్లు ముగ్గురూ తమ కోచ్‌తో ఓ చివరి గోల్ దగ్గరికి వెళ్లిపోయారు. కోచ్ కూడా ఒకప్పటి కాలేజీ కీపరే. ఆమెకు ఈ కోచింగ్ పార్ట్‌టైం పని, బతుకుదెరువు ఉద్యోగం వేరే. అమెరికాలో అమ్మాయిల ఆటల్ని కాలేజీలు పట్టించుకోక తప్పని పరిస్థితి 1972 నాటి ‘టైటిల్ నైన్’ చట్టంతో వచ్చింది. కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ మహిళా సాకర్ టోర్నీ 1982లో మొదలైంది. ఈ కాలేజీ ఉన్నది ఎన్‌సీఏఏ మూడో డివిజన్‌లో. ఇక్కడ ఆట కోసమని స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఆడినా బెంచీ మీద కూర్చున్నా ఫీజు ఫీజే.

డైవ్‌లు చూద్దామని వెళ్లినవాళ్లకు మొదటి అరగంట నిరాశే. ముందు గ్లోవ్స్ మీద నీళ్లు చల్లుకుని అరచేతులు రుద్దుకున్నారు. లేటెక్స్ కాస్త తడిగా ఉంటేనే బంతిని పట్టుకుంటుందట. తర్వాత నాలుగడుగుల దూరం నుంచి మెత్తగా విసిరిన బంతుల్ని పట్టడం. బొటనవేళ్లు దాదాపు ఆనుకోవాలి, బంతి వెనక రెండు చేతులూ ఉండాలి, బంతి చేతుల్లో పడ్డప్పుడు చప్పుడు రాకూడదు. చప్పుడొస్తే మళ్లీ మొదటికి.

నన్ను కట్టిపడేసింది ఆ తర్వాతి పాఠం. గోల్ వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8. మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా ఇవే కొలతలు. అయిదున్నర అడుగుల పిల్ల చేతులు ఎంత చాచినా ఆ వెడల్పులో సగమైనా అందదు. కోచ్ రెండు తాళ్లు తెచ్చి ఒక్కో గోల్‌పోస్టుకు ఒకటి కట్టింది. రెండు కొసలనూ దూరంగా బంతి పెట్టిన చోట మేకుకు బిగించింది. మా పిల్ల గోల్ గీత మీద నిలబడింది. తాళ్లు రెండు పక్కలా ఎక్కడో ఉన్నాయి. రెండడుగులు ముందుకేసింది, కొంచెం దగ్గరయ్యాయి. అలా వేస్తూ పోతే ఒక చోట, చేతులు చాపగానే రెండు తాళ్లూ వేళ్లకు తగిలాయి. బంతి గోల్‌లోకి పోవాలంటే ఆ తాళ్ల మధ్య నుంచే పోవాలి. మరీ ముందుకొస్తే నెత్తి మీదుగా లేపేస్తారు. కోచ్ అదీ చేసి చూపించింది. వెనక్కి పరుగెత్తిన మొదటి కీపర్ బంతితో సహా వెళ్లి నెట్‌లో పడింది.

నిలబడే చోటొక్కటే చాలదు. ఎదుటివాళ్లు బంతిని తన్నే క్షణానికి రెండు పాదాలూ నేల మీద కుదురుగా ఉండాలి. అడుగు గాల్లో ఉండగా బంతి బయల్దేరితే ఎంత చురుకైన పిల్లయినా ఆలస్యమే. టీవీలో మనం చప్పట్లు కొట్టే గాల్లోని విన్యాసాల్లో కొన్ని, సగం అడుగు ఆలస్యానికి కట్టిన జరిమానాలే అనిపించింది నాకు.

ఎగిరి నేలకు దిగేటప్పుడు మోకాళ్లు వంగుతున్నాయో లేదో కోచ్ వంగి మరీ చూస్తోంది. మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంట్ తెగే ప్రమాదం ఆడపిల్లలకు మగపిల్లల కంటే ఎక్కువ.

ఇక కేకలు. పైనుంచి వచ్చే బంతి తనదైతే “కీపర్!” అని, డిఫెండర్లు తన్నేయాలంటే “అవే!” అని అరవాలి. రెండో కీపర్ కాళ్లు బాగున్నాయి, చేతులు బాగున్నాయి, గొంతు మాత్రం లేవడం లేదు. కోచ్ మైదానం సగం గీత దాకా నడిచి వెళ్లి, వినబడితే చెయ్యెత్తుతానంది. చాలాసేపు చెయ్యి లేవలేదు. ఒకసారి గట్టిగా అరిచి, వెంటనే “సారీ” అంది ఆ పిల్ల. సారీ చెప్పినందుకు అయిదు పుషప్‌లు తీయించారు. ఆడపిల్లవి, గొంతు తగ్గించు అని పెంచే ఇళ్లు మన దగ్గరే కాదన్నమాట.

నీళ్లకు ఆగినప్పుడు కోచ్‌ని అడిగాను, ఆడని ఇద్దరి మీద ఇంత కష్టం దేనికని. మొదటి కీపర్‌కు మ్యాచ్‌లే పాఠం చెబుతాయి, మిగతా ఇద్దరికీ ఉన్నది నేనే కదా అంది. పైగా ఒక్క ఢీకొట్టుడు చాలు, వరస మారిపోవడానికి.

కీపర్ పేరు ఎలాగూ ఎవరికీ గుర్తుండదు. 1999 మహిళల ప్రపంచకప్ ఫైనల్ షూటౌట్‌లో చైనా మూడో పెనాల్టీని ఆపింది అమెరికా కీపర్ బ్రియానా స్కర్రీ. మసాచుసెట్స్ యూనివర్సిటీకి ఆడి వచ్చిన కీపర్. జనానికి గుర్తున్న ఫొటో మాత్రం చివరి పెనాల్టీని గోల్ చేసిన బ్రాండీ చాస్టైన్‌ది. మనవాళ్లలోనూ నిజామాబాద్ ఫార్వర్డ్ గుగులోతు సౌమ్య పేరు విన్నవాళ్లు ఉంటారేమో. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోకు చదువుకోసం వెళ్లి, 2015లో వెస్ట్‌హామ్ మహిళల జట్టుకు గోల్ కాసిన అదితి చౌహాన్ ఎందరికి తెలుసు?

ప్రాక్టీసు అయ్యాక ముగ్గుర్నీ కూర్చోబెట్టి, ముందురోజు ఆడుకున్న మ్యాచ్‌లో పడిన ఒక గోల్ వీడియో వేసింది కోచ్. బంతి నెట్‌లోకి పోయిన చోట ఆపలేదు. వెనక్కి తిప్పి, అంతకు రెండు పాస్‌ల ముందు ఆపింది. అప్పుడు కీపర్ ఎక్కడుండాలో మా పిల్లని అడిగింది. అది లేచి తెర మీద వేలు పెట్టి చూపించింది. మొదటి కీపర్ ఒప్పుకోలేదు, ఇంకో అడుగు ఎడమకంది. వాదన మొదలైంది. కోచ్ తీర్పు చెప్పకుండా వీడియో మళ్లీ వేసింది.

కారెక్కాక మా పిల్లని అడిగాను, ఈ ఏడాదైనా ఆడిస్తారా అని. “తెలీదు పిన్నీ. కానీ ఆ అడుగు మాత్రం నేను చూపించిందే కరెక్టు” అంది.