సగములో నిలిచిన నాటకము

మిత్రులతో కూడి నాటకము చూచుట ఒంటరిగా గ్రంథము చదువుటవంటిది కాదు. చదువరి కన్నీరు పుటపై పడి యింకిపోవును. ప్రేక్షకుని నిట్టూర్పు ప్రక్కవానిని తాకి, క్రమముగా సభయెల్ల వ్యాపించును. ఈ సంగతిని ప్రజలకంటె ముందు పాలకులే గ్రహించిరి. అందుకు హంగేరీ దేశపు 'బాంక్ బాన్' నాటకచరిత్రమే సాక్ష్యము.

హంగేరీని ఆస్ట్రియాకు చెందిన హాబ్స్‌బర్గు వంశీయులు ఏలుచుండిన కాలమున, యోజెఫ్ కతోనా అను న్యాయవాది ఈ విషాదాంత నాటకమును రచించెను. 'బాన్' అనునది ఒక పదవి పేరు. రాజు దండయాత్రకు వెడలగా, పరదేశమునుండి వచ్చిన రాణియు, ఆమె పరివారమును ప్రజలను పీడింతురు. రాజప్రతినిధియగు బాంక్ తుదకు ఆమెను వధించును. 1213లో నిజముగ జరిగిన రాణివధయే ఈ కథకు మూలము. నాటకము 1819లో పూర్తియయ్యెను. సెన్సారు అధికారులు అచ్చునకు సమ్మతించిరి గాని ప్రదర్శనమునకు సమ్మతింపలేదు. 1830లో కతోనా కన్నుమూసెను. తన పాత్రలు రంగమెక్కి పలుకగా వినుభాగ్యము ఆయనకు కలుగలేదు. తొలి ప్రదర్శనము 1833లో జరిగెను.

1848 మార్చి 15వ తేదీన పెస్టు పట్టణమునందు, పిల్వాక్స్ కాఫీశాలలో కూడుచుండిన యువక మిత్రబృందము వానను లెక్కింపక వీథులలోనికి వచ్చెను. కవి షాందోర్ పెతోఫి, రచయిత మోర్ యోకాయి వారిలో ముఖ్యులు. సెన్సారు అనుమతి లేకయే వారు పెతోఫి గీతమును, పండ్రెండు కోరికల పత్రమును అచ్చొత్తించిరి. ఆ కోరికలలో మొదటిది పత్రికాస్వాతంత్ర్యము. పిమ్మట జనులు దాన్యూబు నది దాటి, బుడా చెరసాలలోనున్న రచయిత మిహాయ్ తాంచిచ్‌ను విడిపించిరి. ఆనాటి రాత్రి జాతీయ నాటకశాలలో 'బాంక్ బాన్' నే ఆడవలెనని ప్రజలు పట్టుపట్టిరి.

తెర లేచెను. అంతలో బుడానుండి మరలివచ్చిన జనము లోనికి పోటెత్తగా, నటులు ఆట సాగింపలేకపోయిరి. గాబోర్ ఎగ్రెషి అను నటుడు పెతోఫి గీతమును ఎలుగెత్తి చదివెను. రాణి వేషము ధరించిన రోజా లబొర్ఫల్వి, యోకాయి రొమ్మున ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ వన్నెల రిబ్బను పువ్వును గ్రుచ్చెను. కథలో ఆమె ప్రజాపీడకురాలు. వేషము మాటున ఆమెయు ప్రజలలో ఒకతెయే!

ఆ రాత్రి నాటకము ముగియలేదు. ఐనను కతోనా చెప్పదలచినది అచటివారందరికిని అర్థమయ్యెను. 1849లో ఆ విప్లవము అణచివేయబడెను. నాటకము మాత్రము నిలిచెను. ఒకనాడు రంగమెక్కుటకు అనుమతి నోచుకొనని ఆ గ్రంథమును నేడు హంగేరీ బాలబాలికలు తమ బడులలో పాఠముగా చదువుచున్నారు.