పినకిల్స్ దారిలో రాగి తూటా

శాన్ హోజే నుంచి దక్షిణంగా వెళ్లి, గిల్‌రాయ్ దాటాక 25వ నంబరు రోడ్డు పట్టుకుని హాలిస్టర్ మీదుగా సాగితే గంటన్నరలో పినకిల్స్ జాతీయ వనం వస్తుంది. హాలిస్టర్ తర్వాత ఊళ్లు పలచబడి, ఎండుగడ్డి కొండలూ ఓక్ చెట్లూ మొదలవుతాయి. నల్లతోక జింకలూ అడవి పందులూ తిరిగే నేల ఇది. వనం లోపల వేట నిషేధం. చుట్టూ ఉన్న పశువుల రాంచ్‌లలో మాత్రం యజమాని అనుమతితో, లైసెన్సుతో వేటాడవచ్చు. నేను వెళ్లింది కాలిఫోర్నియా కాండోర్ అనే రాబందును చూడటానికి. ఆ ఎర్రరాతి శిఖరాల కింద నడుస్తున్నంతసేపూ నా ఆలోచన జింకకు ఏ తూటా తగినదన్న దాని చుట్టూనే తిరిగింది. ఇక్కడ ఈ రెండూ వేరువేరు విషయాలు కావు.

జింకంత జంతువును బాధ లేకుండా పడగొట్టాలంటే తూటా గుండెనో ఊపిరితిత్తులనో చేరాలి, చేరేసరికి పుట్టగొడుగులా విచ్చుకోవాలి. సీసం మెత్తనిది కాబట్టి సులువుగా విచ్చుకుంటుంది. రాగి తొడుగులో సీసం పోసిన తూటా నూరేళ్లకు పైగా వేటగాళ్ల నమ్మకం సంపాదించింది అందుకే. కానీ సెకనుకు 2,500 అడుగుల వేగంతో ఎముకను తాకినప్పుడు ఆ మెత్తదనమే దాని లోపమవుతుంది. సీసం పొడిపొడిగా రాలిపోతుంది. సీసపు తూటాలతో చంపిన జింకల పేగులను ఎక్స్‌రే తీసి చూస్తే వందల కొద్దీ తెల్లటి చుక్కలు కనిపించాయి. వేటగాడు మాంసం తీసుకుని పేగులూ కడుపూ అక్కడే వదిలి వెళతాడు. అది కాండోర్‌కు విందు. దాని కడుపులోని ఆమ్లం సీసాన్ని కరిగిస్తుంది, జీర్ణాశయం స్తంభించిపోతుంది, చివరికి తిత్తి నిండా తిండి పెట్టుకుని పక్షి ఆకలితో చస్తుంది. రెక్కలు చాపితే తొమ్మిదిన్నర అడుగులుండే పక్షి చావుకు చిన్న సీసపు తునక చాలు. 1987లో అడవిలో మిగిలిన చివరి పక్షిని కూడా పట్టి తెచ్చేనాటికి ప్రపంచం మొత్తం మీద ఉన్నవి 27. బోనుల్లో పెంచి 1992 నుంచి తిరిగి వదులుతున్నారు. పినకిల్స్‌లో 2003లో మొదలుపెట్టారు. మన దేశంలో పశువులకు వేసిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందులను ఊడ్చిపెట్టిన తీరు తెలిసిన తెలుగువాళ్లకు ఇది కొత్త కథ కాదు. చంపాలన్న ఉద్దేశం అక్కడా లేదు, ఇక్కడా లేదు.

ఆ సీసం తూటాలదేనని ఎలా చెప్పగలమని అడిగేవాళ్లున్నారు. అడగవలసిన ప్రశ్నే. ఒక పాత నిఘా గోపురపు రంగు పెచ్చుల నుంచి కొన్ని పక్షులకు సీసం చేరిన మాట నిజం. అయితే రక్తంలోని సీసపు ఐసోటోపులను పోల్చి చూసినప్పుడు ఎక్కువ పక్షుల్లో అవి తూటాల సీసంతోనే సరిపోయాయి. ఇంకొందరు రాగి సరిగా చంపదంటారు. ఈ మాట పాత అనుభవం నుంచి వచ్చింది, దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. రాగి సాంద్రత సీసం కంటే తక్కువ. అంతే బరువున్న రాగి తూటా పొడవవుతుంది, కొన్ని రైఫిళ్లలో స్థిరంగా తిరగదు. వేగం 2,000 అడుగుల లోపుకు పడిపోతే చాలా రకాలు సరిగా విచ్చుకోవు. ఇందుకు విరుగుడు బరువు తగ్గించడమే. 308 వించెస్టర్ రైఫిల్‌లో 165 గ్రెయిన్ల బరువున్న సీసపు తూటా వాడేవారు 150 గ్రెయిన్ల రాగి తూటాకు దిగితే వేగం పెరుగుతుంది. విచ్చుకున్నాక కూడా రాగి తన బరువును దాదాపు మొత్తం నిలుపుకుంటుంది కాబట్టి తేలికైన తూటా అయినా లోతుగానే దిగుతుంది. దూరం హద్దులో పెట్టుకోవాలి, గురి మళ్లీ సరిచూసుకోవాలి. ధర ఎక్కువన్నది ఒప్పుకోవలసిందే. కానీ ఒక జింకకు ఖర్చయ్యేది ఒకటో రెండో తూటాలు, పెట్రోలు ఖర్చు ముందు అదెంత?

2019 జూలై 1 నుంచి కాలిఫోర్నియాలో ఏ అడవి జంతువునైనా సీసపు తూటాతో వేటాడటం చట్టవిరుద్ధం. అయినా కాండోర్లు సీసంతో చస్తూనే ఉన్నాయి కదా, చట్టం దండగ అనేవారి వాదన నాకు రుచించదు. ఒక్క రోజులో నూరు మైళ్లకు పైగా ఎగరగల పక్షికి ఒక్క విషపు కళేబరం ఎదురైతే చాలు, ఒకే కళేబరం మీద చాలా పక్షులు వాలతాయి. నూటికి తొంభైమంది మారినా మిగిలిన పదిమంది చేసే నష్టం చిన్నది కాదు. కనుక సడలింపు కాదు, ఇంకా ఎక్కువమంది మారడమే కావాలి. ఫ్రీమాంట్‌లోనో శాన్ హోజేలోనో ఉంటూ వేట లైసెన్సు తీసుకున్న తెలుగువారికి నా విన్నపం ఒక్కటే. జింక వేటకు నెవాడా వెళ్లినప్పుడు అక్కడి చట్టం అడగకపోయినా, ఇక్కడ గురి సరిచూసుకున్న ఆ రాగి తూటాల పెట్టెనే వెంట తీసుకెళ్లండి.