మేనమామ చేతులు

మా అక్క కూతురి అన్నప్రాశనకి నేను వెళ్లలేదు. మా ఇళ్లల్లో ఆ రోజు పాపని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి, మొదటిసారి పాయసం అతని చేతే నాకిస్తారు. అక్కకి నేనొక్కడినే తమ్ముణ్ణి. అయినా "ఆ రోజు రిలీజ్ ఉందక్కా, లీవ్ ఇవ్వనంటున్నారు" అని ఫోన్‌లో అబద్ధం చెప్పేశా. నిజానికి ఆ శనివారం నాకు ఏ పనీ లేదు. హైదరాబాద్‌లో నా గదిలో కూర్చుని, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు చూసుకుంటూ ఉన్నా. నా బదులు మా బాబాయి కొడుకు పాపని ఒళ్లో పెట్టుకున్నాడు.

వెళ్లకపోవడానికి కారణం నా చేతులు. అప్పటికి రెండు చేతుల మీదా కలిపి 19 పులిపిర్లు. గడ్డం కింద, దవడ మీద చదునుగా, గోధుమ రంగులో చిన్నచిన్నవి ఇంకో డజను. ఆ వేళ్లతో అయిదో నెల పసిపాప నోట్లో పాయసం ఎలా పెడతాను? చుట్టూ బంధువులు, కెమెరా. అందరి చూపూ నా వేళ్ల మీదే ఉంటుంది కదా!

మొదటిది ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో వచ్చింది. కుడి చూపుడువేలు గోరు పక్కన, ఆవగింజంత. కాయ కాసిందిలే అనుకున్నా. నాకు గోళ్లు కొరికే అలవాటు. ప్రోగ్రామ్ ఎక్కడైనా ఆగిపోయిందంటే వేలు నోట్లోకి వెళ్లిపోతుంది. దాన్నీ కొరికేవాణ్ణి. ఉద్యోగంలో చేరాక ఒకరోజు చిరాకొచ్చి నెయిల్ కట్టర్‌తో కత్తిరించేశా. రక్తం కారింది. హమ్మయ్య, పీడ పోయింది అనుకున్నా. మూడు నెలలు తిరిగేసరికి ఒకటి కాస్తా నాలుగయ్యాయి.

ఆ తర్వాత నా వైద్యాల చిట్టా పెద్దదే. నాయనమ్మ సున్నంలో చాకలి సోడా కలిపి పుల్లతో పెట్టింది. చర్మం కాలి పుండు పడింది. అది మానిన చోటే పులిపిరి మళ్లీ మొలిచింది. రూమ్మేట్ మాట విని మణికట్టు మీద ఉన్నదాన్ని అగరుబత్తితో కాల్చుకున్నా. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఎవరో చెప్తే వెంట్రుకతో బిగించి కట్టా. ఆన్‌లైన్‌లో మందు తెప్పించి మూడు వారాలు రాసి, తగ్గట్లేదని మానేశా. ఇన్ని చేశాను గానీ, ఆరేళ్లలో ఒక్కసారి కూడా డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. పులిపిర్లకి డాక్టరేంటి అని పైకి అనేవాణ్ణి. అసలు సంగతి, ఎవరి ముందూ ఆ చేతులు చాపడం ఇష్టం లేకపోవడం.

దాచడంలో మాత్రం ఆరితేరిపోయా. ఆఫీసులో ఎవరి స్క్రీన్ మీదైనా తప్పు చూపించాలంటే వేలు పెట్టకుండా "పన్నెండో లైన్ చూడు" అనేవాణ్ణి. కొత్తవాళ్లు చెయ్యి చాపితే నమస్కారం పెట్టేవాణ్ణి. నాకు సంస్కారం ఎక్కువని పేరు కూడా వచ్చింది. ఎవరైనా అడిగితే "నూనె పడి కాలింది" అనేవాణ్ణి.

అన్నప్రాశన తర్వాత అక్క రెండు వారాలు ఫోన్ చెయ్యలేదు. నేను చేస్తే బావ ఎత్తి "పడుకుంది" అనేవాడు. ఒకరోజు రాత్రి అక్కే చేసింది. "నీకు నా కూతురంటే ఇష్టం లేదా? ఉన్నమాట చెప్పెయ్" అంది. గొంతులో కోపం లేదు, ఏడుపుంది. నాకు మాట రాలేదు. ఫోన్ పెట్టేసి, రెండు చేతులూ లైటు కింద పెట్టి ఫొటో తీసి పంపా.

నిమిషంలో మళ్లీ ఫోన్. "దీనికా రాలేదు? పిచ్చి సన్నాసీ, డాక్టర్‌కి చూపించావా?" అంది. లేదన్నా. "రేపు వెళ్లకపోతే నేనే బస్సెక్కి వస్తా" అంది.

మర్నాడు ఆఫీసుకి దగ్గర్లో ఉన్న చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లా. ఆవిడ నా చెయ్యి అందుకుని, లెన్సు పెట్టి ఒక్కో వేలూ చూశారు. ఆరేళ్లలో ఆ పులిపిర్లని నేను కాకుండా ఇంకొకరు తాకడం అదే మొదలు అనిపించింది. ఒకదాని మీద ఎండిన చర్మాన్ని బ్లేడుతో పల్చగా చెక్కి, లోపలి నల్లచుక్కలు చూపించారు. నేను వాటిని వేర్లనుకునేవాణ్ణి. కాదట, గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇదీ. పులిపిర్లకి కారణం హెచ్‌పీవీ అనే వైరస్. అందులో వందకి పైగా రకాలున్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి ముఖ్యంగా కారణమయ్యే 16, 18 రకాలు వేరు, చేతుల మీద మామూలు పులిపిర్లు తెచ్చేవి వేరు. ఈ వైరస్ చర్మం పైపొరలోనే ఉండిపోతుంది, రక్తంలోకి వెళ్లదు. అందుకే మన రోగనిరోధక వ్యవస్థ కంట చాలాకాలం పడదు. గీరినా, కొరికినా, కత్తిరించినా ఆ చిన్న గాయాల్లోకి చేరి పక్కన మొలుస్తుంది. గడ్డం మీద వరసగా ఎందుకొచ్చాయో అప్పుడు తెలిసింది. రోజూ రేజర్‌తో నేనే నాటుకుంటూ వచ్చా. చిన్నపిల్లల్లో చాలామందికి ఒకట్రెండేళ్లలో వాటంతటవే పోతాయట. పెద్దవాళ్లలో, అందులోనూ ఇన్ని ఉంటే, మొండికేస్తాయి. అన్ని ఉన్నాయి కాబట్టి షుగర్‌కీ, హెచ్‌ఐవీకీ రక్తపరీక్ష రాశారు. రిపోర్టు వచ్చేదాకా రాత్రి నిద్ర లేదు. రెండూ లేవని తేలింది.

నేను ఒక్కటే అడిగా. "మేడమ్, చంటిపాపని ఎత్తుకోవచ్చా?"

ఆవిడ తలెత్తి చూశారు. "ఎందుకు ఎత్తుకోకూడదు? చేతులు సబ్బుతో కడుక్కోండి. వేలి మీదున్న వాటికి ప్లాస్టర్ వేసుకోండి. తువ్వాలు, రేజర్, నెయిల్ కట్టర్ మాత్రం ఎవరితోనూ పంచుకోకండి. అంతే."

అంతే! ఒక ప్లాస్టర్‌తో, చెంచాతో అయిపోయేదానికి నేను అన్నప్రాశన మానేశా.

19 పులిపిర్లనీ ఒక్కొక్కటిగా కాల్చుకుంటూ పోవడం కుదరదన్నారు. ఎమ్ఎమ్ఆర్ టీకా ఉంది కదా, పిల్లలకి తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది. దాన్ని అన్నిటికంటే పెద్ద పులిపిరిలోకి కొద్దిగా ఎక్కించారు. ఆ టీకాని గుర్తుపట్టి రోగనిరోధక కణాలు అక్కడికి చేరినప్పుడు, పక్కనే దాక్కున్న పులిపిరి వైరస్ కూడా వాటి కంటపడుతుంది. పడితే, సూది తగలని దూరపు పులిపిర్లు కూడా రాలిపోవచ్చు. అందరిలోనూ పని చేస్తుందన్న హామీ లేదని ముందే చెప్పారు. గర్భిణులకీ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకీ ఇది వెయ్యరట. మూడు వారాలకోసారి, అయిదు సార్లు. సూది నొప్పి మాత్రం కళ్లల్లో నీళ్లు తెప్పించింది. ఆ రాత్రి కాస్త జ్వరం.

గోరు పక్కన ఉన్న మొండి వాటికి ద్రవ నైట్రోజన్ పెట్టారు. మైనస్ 196 డిగ్రీల చల్లదనం. చల్లగా ఉంటుందనుకుంటే నిప్పు పెట్టినట్టుంది. మర్నాటికి బొబ్బెక్కింది. ఇంటి దగ్గర రోజూ రాత్రి వేళ్లని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పైపొరని అట్టముక్క లాంటి ఫైలుతో రుద్ది, చుట్టూ వాజెలిన్ రాసి, పులిపిరి మీద మాత్రం శాలిసిలిక్ యాసిడ్ చుక్క పెట్టాలి. వాడిన ఫైలు పారెయ్యాలి. నేను మూడు వారాలకే మానేసిన మందు అదే! మూడు నెలలైనా వాడితే గానీ ఫలితం తెలియదట. మొహానికి ఆ యాసిడ్ వద్దని, రాత్రిపూట రాసే వేరే క్రీమ్ ఇచ్చి, నున్నగా గీసుకోవడం మాన్పించారు. ట్రిమ్మర్‌తోనే సరిపెట్టుకోమన్నారు.

రెండు సూదులయ్యాయి. ఏ మార్పూ లేదు. నా వల్ల కాదని అక్కకి చెప్పా. "పాప కూడా బోర్లా పడి పాకడానికి నెలలు పట్టింది. ఆగలేవా?" అంది. మూడో సూది తర్వాత ఒకరోజు స్నానం చేస్తుంటే, మందూ సూదీ ఏదీ తగలని ఎడమచేతి పులిపిరి నల్లబడి కనిపించింది. వారానికి అది రాలిపోయింది. కింద లేత చర్మం. అక్కకి ఫొటో పంపా. తర్వాత ఒకదాని వెనక ఒకటి. అయిదో సూది అయ్యేసరికి చేతుల మీద రెండు మిగిలాయి, గడ్డం మీద మూడో నాలుగో.

పదకొండో నెలలో పాపకి పుట్టువెంట్రుకలు తీయించారు. అక్కడ కూడా మేనమామే ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి, మొదటి కత్తెర వెయ్యాలి. ఈసారి రెండు రోజుల ముందే వెళ్లా. అప్పటికి బొటనవేలి మీద ఒకటి మిగిలే ఉంది. పూర్తిగా పోయాకే వెళ్దామనుకుని ఉంటే ఇదీ తప్పిపోయేది. సబ్బుతో చేతులు కడుక్కుని, ప్లాస్టర్ వేసుకుని, పట్టుపంచె కట్టుకుని కూర్చున్నా.

పాప నా ఒళ్లో కుదురుగా ఉండదే! కత్తెర పట్టుకున్న చెయ్యి లాగుతుంది, ప్లాస్టర్ పీకబోతుంది. "వేలికేమైంది బాబూ?" అని ఓ పెద్దావిడ అడిగింది.

నూనె పడి కాలిందని చెప్పబోయి ఆగా.

"పులిపిరి అత్తయ్యా. మందు వాడుతున్నా" అన్నా.

ఆవిడ వంగి, కాస్త గొంతు తగ్గించి, "మా మనవడికి కాళ్ల నిండా ఉన్నాయి. ఆ డాక్టరెక్కడో చెప్పవూ?" అంది.