రెండు ఎముకల నడుమ

బడిలో చదివిన సైన్సు చాలావరకు మర్చిపోయాను గానీ, కీళ్ళ పేర్లు మాత్రం గుర్తున్నాయి. బంతిగిన్నె కీలు, మడతబందు కీలు, బొంగరపు కీలు, జారెడు కీలు. ఈ పేర్లు పెట్టినవాళ్ళు ఇంట్లో వస్తువుల్ని బాగా చూసినవాళ్ళు అయ్యుండాలి. భుజంలో చేతి ఎముక గుండ్రటి తల బంతి, అది కూర్చునే గుంట గిన్నె. మోచెయ్యి తలుపు రెక్కలా ఒక్క వైపే మడుస్తుంది. తల అటూ ఇటూ తిప్పుతున్నామంటే, మెడలో మొదటి వెన్నుపూస రెండోదాని మొన చుట్టూ తిరుగుతోందన్నమాట. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జారతాయి.

ఆ పాఠం చివర్లో ఇంకో మాట ఉండేది: పుర్రెలో ఉండేవి కదలని కీళ్ళు అని. కదలనిదాన్ని కీలు అనడమెందుకో అప్పుడు అర్థం కాలేదు. ఏళ్ళ తర్వాత అక్క కూతురికి అమ్మ మాడు మీద ఆముదం అద్దుతుంటే, వేళ్ళ కింద మెత్తగా కొట్టుకుంటున్న ఆ చోటు చూశాను. పుట్టేనాటికి పుర్రె ఎముకల మధ్య సందులుంటాయి. కాన్పులో ఆ ఎముకలు ఒకదాని మీదికి ఒకటి కాస్త జరిగి దారి ఇస్తాయి, ఆ తర్వాత మెదడు పెరగడానికి చోటిస్తాయి. రెండేళ్ళు నిండేలోపు మామూలుగా మాడు పూడిపోతుంది. ఆ సందు పని అయిపోయింది కాబట్టి మూసుకుంటుంది.

మోకాలు అలా కాదు. అక్కడ ఎముకల చివర్లని నున్నటి మృదులాస్థి కప్పి ఉంటుంది. దానికి రక్తనాళాలు లేవు. కీలు లోపల ఉండే జిగట ద్రవమే దాని తిండి. నడిచినప్పుడు, కూర్చుని లేచినప్పుడు పడే ఒత్తిడికి ఆ ద్రవం అందులోకి ఇంకుతూ, బయటికి వస్తూ ఉంటుంది. కదిలితేనే దానికి కడుపు నిండుతుంది. సంధి అన్న మాటే మన నోట్లో సందు అయింది. కలిసే చోటుకీ ఖాళీకీ ఒకటే మాట.

మా పెద్దమ్మని నల్లగొండ జిల్లాలో ఒక ఫ్లోరైడ్ ఊరికిచ్చారు. తాగడానికి బోరు నీళ్ళే. అక్కడ నేల కింది రాళ్ళలోంచి ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే అది ఎముకల్లో పేరుకుంటుంది, ఎముకని ఎముకతో కట్టి ఉంచే సంధిబంధనాలు కూడా గట్టిపడి ఎముకలా మారతాయి. అరిగిపోవడం వేరు, ఇది వేరు. ఇక్కడ కీలు పూడిపోతుంది. నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు గురించి 1937లోనే వైద్య పత్రికలో రాశారు. పెద్దమ్మ పెళ్ళి అయింది ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్ళకి.

యాభై దాటకముందే ఆమె మెడ తిరగడం మానేసింది. పక్కకి చూడాలంటే మనిషి మనిషంతా తిరగాలి. కింద కూర్చోలేదు, జడ తనంతట తాను వేసుకోలేదు. "ముంగటికి రా బిడ్డా, ఎనకకెళ్లి పిలిస్తె నాకు తిరుగనీకి రాదు" అనేది, ఏదో మామూలు విషయం చెప్తున్నట్టు. నా పుస్తకంలో కదిలే కీళ్ళు ఒక వరస, కదలని కీళ్ళు ఒక వరస. ఒక మనిషిలో ఆ వరసలోంచి ఈ వరసలోకి ఒక్కొక్కటీ మారిపోతుంటే చూడటం ఎలా ఉంటుందో ఏ పాఠంలోనూ లేదు.

ఇప్పుడా ఊరికి నల్లాల్లో కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. అక్కడి పిల్లలు గోడలెక్కి దూకుతుంటే చూడ్డానికి బావుంటుంది. కానీ నీళ్ళు మారాయి గానీ పెద్దమ్మ మెడలో ఉన్నవి పాత నీళ్ళే.

మా ఇంట్లో ఆమెని ఎవరూ వెనకనుంచి పిలవరు. అక్క కూతురికి ఇది ఎవరూ నేర్పలేదు, మమ్మల్ని చూసి నేర్చుకుంది. ఏదైనా చెప్పాలంటే చుట్టూ పరిగెత్తుకెళ్ళి ఎదురుగా నిలబడి, తల పైకెత్తి, అప్పుడు మొదలుపెడుతుంది.